ఆ షీటులో మిగిలిన మాత్రలు బాబువి కావు

ప్రశ్న: మాది నర్సీపట్నం. మా ఆయన చింతపల్లి మండలంలో ఆశ్రమ పాఠశాల టీచరు. దసరా సెలవులకి నేనూ, నాలుగేళ్ల బాబూ అక్కడికి వెళ్లి పది రోజులు ఉండి వచ్చాం. తరవాత ఆయనకి చలిజ్వరం వస్తే ఆశా వర్కర్ వేలి మీద సూది పొడిచి పరీక్ష చేసి వైవాక్స్ మలేరియా అంది. క్లోరోక్విన్ మూడు రోజులు వేసుకున్నారు. ప్రైమాక్విన్ 7.5 మిల్లీగ్రాముల మాత్రలు రోజుకి రెండు చొప్పున 14 రోజులు వేసుకోమన్నారు. మూడో రోజుకే జ్వరం పోయింది. ఆరు రోజులు వేసుకుని, పొద్దున్నే కడుపులో తిప్పుతోందని ఆపేశారు. ఇప్పటికి రెండు రోజులైంది. మా మావయ్యగారు ‘మా రోజుల్లో అయిదు రోజులే ఇచ్చేవారు, ఇక చాలు’ అంటున్నారు. పక్కింటావిడేమో ఆ మందు రక్తాన్ని కరిగించేస్తుంది, మూత్రం నల్లగా వస్తుంది అని ఫోన్‌లో వీడియో చూపించింది. నిన్నటి నుంచి బాబుకీ జ్వరం. మా ఆయనకి ఆ మాత్రలు పడ్డాయి కదా, మిగిలినవాటిలోంచి బాబుకి రోజుకొకటి వెయ్యొచ్చా? నాకిప్పుడు మూడో నెల. ముందుజాగ్రత్తగా నేనూ వేసుకోవాలా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, మీ ప్రశ్న అందిన రోజే బాబు విషయం వరకు విడిగా రాసి పంపాను. ఇక్కడ మళ్లీ వివరంగా రాయడానికి కారణం ఉంది. మిగిలిపోయిన మలేరియా మాత్రలు డబ్బాలో దాచి, ఇంట్లో ఇంకొకరికి జ్వరం వస్తే తీసి వెయ్యడం మన్యంలోనూ, మన్యం అంచున ఉన్న ఊళ్లలోనూ నేను చాలా ఇళ్లలో చూశాను.

బాబుకి ఆ మాత్ర వెయ్యకండి. సగం కూడా వద్దు. బాబుకి వచ్చింది మలేరియానో కాదో ఇంకా తెలీదు. ఒకవేళ వైవాక్సే అనుకున్నా, ఒకటి నుంచి నాలుగేళ్ల వయసు పిల్లలకి మన దేశంలో ఇచ్చే ప్రైమాక్విన్ రోజుకి 2.5 మిల్లీగ్రాములు. మీ ఇంట్లో ఉన్న మాత్ర 7.5. అంటే మీరు ‘ఒక్కటే కదా’ అనుకుని వేసేది మూడింతల మోతాదు. పైగా ప్రైమాక్విన్ జ్వరాన్ని తగ్గించే మందు కాదు. మీ ఆయన జ్వరం తగ్గించింది క్లోరోక్విన్. ఆ సంగతి తెలియక మలేరియా షీటులో చివరికి మిగిలిన మాత్రే మలేరియా మందు అనుకుంటారు.

మలేరియాలోనే ఎక్కువ ప్రమాదకరమైన ఫాల్సిపారం రకం అయితే సంగతి మరీ వేరు. దానికి మన దగ్గర క్లోరోక్విన్ ఇవ్వరు, ఏసీటీ (ఆర్టిమిసినిన్ రకం మందుకి ఇంకో మందు కలిపినది) ఇస్తారు. వయసుని బట్టి రంగులు పెట్టిన ప్యాకెట్లు ఉంటాయి, మీ బాబు వయసుకి పసుపు రంగుది. అది మొదలుపెట్టడం ఆలస్యమైతే చిన్నపిల్లల్లో ఒకటి రెండు రోజుల్లోనే మెదడు దాకా వెళ్లొచ్చు. అందుకే మన్యంలో ఉండి వచ్చిన పిల్లాడికి జ్వరం అనగానే మొదట చెయ్యాల్సిన పని రక్తపరీక్ష. మీ ఊరి ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లి ‘పది రోజులు ఏజెన్సీలో ఉండి వచ్చాం, ఇంట్లో వాళ్ల నాన్నకి వైవాక్స్ వచ్చింది’ అని ఈ రెండు ముక్కలూ ముందే చెప్పండి. వేలి మీద చుక్క రక్తంతో కిట్ పరీక్ష పావుగంట, ఇరవై నిమిషాల్లో తేలుతుంది. మైక్రోస్కోపు కింద చూడటానికి గాజు పలక మీద రక్తపూత కూడా తీయమనండి. ఇవాళ లేదని వచ్చినా జ్వరం తగ్గకపోతే ఊరుకోకుండా మళ్లీ చేయించండి. మలేరియా కాకపోతే డెంగీ కావచ్చు, టైఫాయిడ్ కావచ్చు, మామూలు జలుబు జ్వరమే కావచ్చు. ఈలోగా బాబు బరువుని బట్టి పారాసిటమాల్ సిరప్, తాగినన్ని నీళ్లు ఇవ్వండి. ఫిట్స్ వచ్చినా, మగతగా పడి లేవకపోయినా, తాగింది తాగినట్టు కక్కేసినా రాత్రిపూట అయినా సరే బయల్దేరాల్సిందే.

ఇక ‘వాళ్ల నాన్నకి పడ్డాయి కదా’ అన్న మాట. ఈ మందు విషయంలో అందరూ పొరపడేది ఇక్కడే, అందుకే కొంచెం ఓపికగా చదవండి.

ప్రైమాక్విన్ చాలామందికి ఏ హానీ చెయ్యదు. కానీ జీ6పీడీ అనే ఎంజైమ్ తక్కువగా ఉన్నవాళ్లకి మాత్రం ప్రమాదం. ఇనుముకి తుప్పు పట్టకుండా రంగు వేస్తాం చూడండి, ఎర్రకణానికి ఆ ఎంజైమ్ అలాంటి కాపు. అది లేని ఎర్రకణాల మీద ఈ మందు పడితే అవి పగిలిపోతాయి. మీ పక్కింటావిడ చూపించిన వీడియో గాలి కబురు కాదు, కాకపోతే అది అందరికీ జరిగేది కాదు, కొద్దిమందికే. ఈ సంగతి బయటపడిన తీరు కూడా ఏమంత గర్వపడేది కాదు. అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలోని స్టేట్‌విల్ జైల్లో ఖైదీల మీద మలేరియా మందులు ప్రయోగించారు. కొందరికి రక్తం ఎందుకు విరిగిపోతోందని వెతికితే 1956లో ఈ ఎంజైమ్ లోపం తేలింది.

ఈ లోపం ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. కొడుక్కి ఎక్స్ వచ్చేది తల్లి నుంచి, తండ్రి నుంచి కాదు. అంటే మీ ఆయనకి ఆ మాత్రలు పడటం, పడకపోవడం మీ బాబు గురించి ఏమీ చెప్పదు. బాబు విషయంలో అడగాల్సింది మీ పుట్టింటివైపు. మీ అన్నదమ్ముల్లోనో మేనమామల్లోనో ఎవరికైనా ఏదో మందు వేసుకున్నాక మనిషి పాలిపోయి, కళ్లు పచ్చబడి, మూత్రం నల్లగా రావడం జరిగిందా? పుట్టిన బిడ్డకి కామెర్లు ఎక్కువై లైటు కింద పెట్టాల్సి వచ్చిందా? ఇవి మీ అమ్మగారిని అడగండి. (మీది మేనరికం అయితే రెండు వైపులా ఒకటే చుట్టరికం కాబట్టి లెక్క కాస్త కలగాపులగం అవుతుంది. అప్పుడు అందరినీ అడగండి.) ఎవరికీ లేదన్నంత మాత్రాన బాబుకి లేదని కాదు. ఆ లోపాన్ని మోస్తున్న ఆడవాళ్లకి పైకి ఏమీ కనిపించకపోవచ్చు. మన గిరిజన సమాజాల్లో కొన్నింటిలో ఈ లోపం మిగతావాళ్లకంటే ఎక్కువ. అందుకే బాబుకి వైవాక్స్ అని తేలి ప్రైమాక్విన్ రాస్తే, ‘జీ6పీడీ పరీక్ష ఇక్కడ చేస్తారా అండీ’ అని డాక్టరుగారిని అడగడంలో మొహమాటం వద్దు. విశాఖలో ల్యాబుల్లో చేస్తారు. ప్రైమాక్విన్ ఒకటి రెండు రోజులు ఆలస్యమైనా నష్టం లేదు, క్లోరోక్విన్ మాత్రం ఆలస్యం కాకూడదు.

నేను ఏజెన్సీలో కొత్తగా పనిచేస్తున్న రోజుల్లో ఇరవై ఏళ్ల కుర్రాడికి ఈ మాత్రలు ఇచ్చి పంపాం. మూడో రోజు సంతకి నడిచి వెళ్తూ ఆయాసంతో కూలబడిపోయాడు. తీసుకొచ్చేసరికి పెదవులు తెల్లగా ఉన్నాయి. మూత్రం డికాక్షన్ రంగులో వస్తోందని వాడికి ముందురోజే తెలుసు. మందు పనిచేస్తే అలాగే వస్తుందేమో అనుకున్నాడట. మేం చెప్పలేదు మరి. కింద ఆసుపత్రికి పంపితే రక్తం ఎక్కించారు, బతికాడు. తరవాత వాళ్లమ్మ చెప్పింది, వాడి మేనమామకీ చిన్నప్పుడు ఇలాగే అయిందని. ముందు అడిగి ఉంటే తెలిసేది. ఆ తప్పు మాదే. అప్పటి నుంచి ఈ మాత్ర చేతిలో పెట్టే ముందు మేనమామల సంగతి అడగకుండా నేను ఎవరినీ పంపలేదు.

మీరు వేసుకోవాలా అన్నారు. వద్దు. గర్భిణులకి ప్రైమాక్విన్ ఇవ్వరు. మీకు ఆ ఎంజైమ్ బాగానే ఉన్నా కడుపులో బిడ్డకి ఉందో లేదో తెలుసుకునే దారి లేదు. ఏడాది లోపు పిల్లలకీ ఇవ్వరు. అసలు ఇంట్లో ఒకరికి మలేరియా వస్తే మిగతావాళ్లు ముందుజాగ్రత్తగా మాత్రలు మింగాల్సిన పని లేదు. అది దగ్గుతో, ఎంగిలితో అంటేది కాదు, దోమ మోసుకొస్తేనే వస్తుంది. మలేరియా ప్రాంతాలకి కొద్ది రోజుల పని మీద వెళ్లేవాళ్లకి డాక్సీసైక్లిన్ లాంటివి రాస్తారు గానీ అది కూడా గర్భిణులకి పనికిరాదు. మీకు కావాల్సింది దోమతెర. బాబూ మీరూ ఒకే తెర కింద పడుకోండి, అంచులు పరుపు కిందికి దోపండి.

అయితే మీకు కూడా జ్వరం వస్తే మాత్రం ఒక్క పూట కూడా ఆగకుండా పరీక్ష చేయించుకోండి. గర్భంతో ఉన్నప్పుడు మలేరియా తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ గట్టి దెబ్బ. వైవాక్స్ అయితే క్లోరోక్విన్ మీకు ఇస్తారు, గర్భంలో అది వాడొచ్చు. జ్వరం తిరగబెట్టకుండా కాన్పు దాకా వారానికోసారి దాన్నే వేసుకోమని కూడా డాక్టర్లు చెప్పొచ్చు. ప్రైమాక్విన్ సంగతి కాన్పు అయ్యాక, పాలు తాగే బిడ్డ వయసు చూసుకుని తేలుస్తారు. ఫాల్సిపారం అయితే మందు వేరు, ఎన్నో నెల అన్నది చూసి ఇస్తారు.

ఇప్పుడు మీ ఆయన. మావయ్యగారు చెప్పింది అబద్ధం కాదు. మన దేశంలో ఏళ్ల తరబడి ప్రైమాక్విన్ అయిదు రోజులే ఇచ్చారు. తీరా లెక్కలు తీసి చూస్తే, అయిదు రోజులు వేసుకున్నవాళ్లకీ అసలు వేసుకోనివాళ్లకీ జ్వరం తిరగబెట్టడంలో పెద్ద తేడా కనిపించలేదు. అందుకే దాన్ని వదిలేసి 14 రోజులు చేశారు. ఆయన రోజుల్లో అది సర్కారు మాటే, ఇప్పుడది మారింది అని మెల్లగా చెప్పండి.

జ్వరం మూడో రోజే పోయినప్పుడు ఇంకా ఎందుకు అన్న అనుమానం సహజమే. మీ వైపు పొలాల్లో తుంగ ఉంటుంది కదా. కొడవలితో పైన కోసేస్తే చేను శుభ్రంగా కనిపిస్తుంది. కింద గడ్డ అలాగే ఉంటుంది, నాలుగు చినుకులు పడగానే మళ్లీ పచ్చగా లేస్తుంది. వైవాక్స్ అలాంటిదే. దోమ కుట్టినప్పుడు లోపలికి వచ్చిన క్రిముల్లో కొన్ని కాలేయంలో నిద్రపోతూ ఉండిపోతాయి. వారాల తరవాతో, నెలల తరవాతో లేచి మళ్లీ రక్తంలోకి వస్తాయి. కొత్తగా దోమ కుట్టక్కర్లేదు. రోజు విడిచి రోజు వణుకు, చెమట, మళ్లీ అదే కథ. క్లోరోక్విన్ కొడవలి. నిద్రపోయే క్రిమి మీద దానికి పట్టు లేదు. కింద గడ్డని తవ్వేది ప్రైమాక్వినే. కొరియా యుద్ధం నుంచి ఇంటికి తిరిగొస్తున్న అమెరికా సైనికులకి ఓడల్లోనే దీన్ని ఇచ్చారు, ఊళ్లకి చేరాక జ్వరాలు తిరగబెట్టకుండా. 1952లో ఆ దేశంలో అనుమతి పొందిన ఈ పాత మందుకి ఇన్నేళ్లలో దాని కుటుంబం నుంచే టాఫెనోక్విన్ అని ఒక్కటి తోడొచ్చింది. అది ఒక్క మోతాదుతో సరిపోతుంది గానీ జీ6పీడీ ఎంత ఉందో కొలవకుండా దాన్ని అసలు ఇవ్వకూడదు.

ఈ మందులో పని చేసేది మొత్తం కలిపి లోపలికి వెళ్లిన మోతాదు. మీ ఆయన రోజుకి 15 మిల్లీగ్రాముల చొప్పున ఆరు రోజులు వేసుకున్నారు, ఇంకా ఎనిమిది రోజుల మందు బాకీ. షీటుల్లో 16 మాత్రలు ఉండాలి, లెక్కపెట్టండి. తక్కువ ఉంటే ఈపాటికే బాబుకి ఎవరైనా వేశారేమో కనుక్కోండి. అలా జరిగి ఉంటే దాచకుండా డాక్టరుగారికి చెప్పండి.

మళ్లీ మొదలుపెట్టే ముందు మూడు సంగతులు చూడండి. ఒకటి మూత్రం. పొద్దున్నే తెల్ల సీసాలో పట్టి వెలుతురులో పెట్టమనండి. ముదురు పసుపు అయితే నీళ్లు చాలలేదని అర్థం. జ్వరంలో చెమట పట్టి, సరిగా తాగక అలా వస్తుంది, రెండు లీటర్లు నీళ్లు తాగితే సాయంత్రానికి పలచబడుతుంది. టీ డికాక్షన్ లాగానో, కోలా డ్రింకు లాగానో ఉంటే మాత్రం ఎంత నీళ్లు తాగినా అలాగే ఉంటుంది. అది రక్తం విరిగిన గుర్తు. రెండోది కళ్లు, పెదవులు, అంటే కళ్లలో పచ్చదనం, పెదవులు పాలిపోవడం లేదా నీలంగా మారడం. మూడోది మెట్లెక్కితే కొత్తగా ఆయాసం, గుండెదడ, నడుంనొప్పి. వీటిలో ఏది ఉన్నా మాత్ర ముట్టుకోకూడదు, అదే రోజు ఆసుపత్రికి వెళ్లి షీటు చూపించి ‘ఇది ఆరు రోజులు వేసుకున్నాను’ అని చెప్పాలి. లోపం ఉన్నవాళ్లలో ఈ గుర్తులు సాధారణంగా మొదటి వారంలోనే బయటపడతాయి. ఆయనకి ఆరు రోజుల్లో కడుపులో తిప్పు తప్ప ఏమీ లేదంటే అది ధైర్యం ఇచ్చే విషయమే. ఇంకో చిక్కు కూడా ఉంది. రక్తం విరుగుతున్నప్పుడు, లేదా ఆ తరవాత కొద్ది వారాల్లో జీ6పీడీ పరీక్ష చేస్తే, ముసలి కణాలు పోయి కొత్తవే మిగిలి ఉంటాయి కాబట్టి లోపం ఉన్నా లేనట్టే చూపించొచ్చు. పరీక్ష బాగుంది అన్న కాగితం కన్నా కంటికి కనిపించే నల్లటి మూత్రాన్ని నమ్మాలి.

ఈ గుర్తులు ఏవీ లేకపోతే, రెండు రోజుల విరామానికి మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టక్కర్లేదు. ఆగిన చోట నుంచి కొనసాగించి మొత్తం 14 రోజుల మందు పూర్తి చెయ్యాలి. ఆశా వర్కర్‌కో, పీహెచ్‌సీ డాక్టరుకో ఫోన్ చేసి చెప్పి మొదలుపెట్టమనండి. పోయిన రెండు రోజులవి కలిపి ఒకేసారి నాలుగేసి మింగేయకూడదు. కొన్నిచోట్ల ఇప్పుడు రోజుకి రెట్టింపు చొప్పున ఏడు రోజుల్లో ముగించే పద్ధతి కూడా ఉంది. అది బరువు చూసి డాక్టరు నిర్ణయించేది, మన ఇంట్లో పెట్టుకునే అడ్డదారి కాదు.

కడుపులో తిప్పడానికి నాకు కనిపిస్తున్న కారణం చాలా చిన్నది. ‘పొద్దున్నే’ అని రాశారు. ఖాళీ కడుపుతో, టీ చుక్క కూడా పడకముందే వేసుకుంటున్నట్టున్నారు. ప్రైమాక్విన్‌కి అది అస్సలు పడదు. మధ్యాహ్నం అన్నం తిన్న వెంటనే వేసుకోమనండి. స్కూల్లో ఉంటే పిల్లల భోజనం గంటే గుర్తు. రాత్రి భోజనం తరవాతైనా సరే, కాకపోతే రోజూ ఒకే వేళ. వేసుకున్న అరగంటలోపు వాంతి అయితే ఆ రోజు మోతాదు మళ్లీ వేసుకోవాలి. జీలుగు కల్లు సీజన్‌లో మన్యంలో ఉన్న మనిషి కాబట్టి అడుగుతున్నాను, ఏమీ అనుకోకండి, ఈ ఎనిమిది రోజులు దాన్ని కాస్త పక్కన పెట్టమనండి. కల్లు, మాత్ర కలిస్తే కడుపు ఇంకా తిప్పుతుంది, తాగిన రోజు మాత్ర మర్చిపోవడం కూడా ఖాయం.

ఆయన వేరే ఏ మందులైనా వాడుతున్నారా? కుష్ఠుకి ఇచ్చే డాప్సోన్, మూత్రంలో మంటకి ఇచ్చే నైట్రోఫ్యురాంటాయిన్ కూడా ఇదే రకంగా ఎర్రకణాల మీద పడేవి, డాక్టరుకి చెప్పాలి. జీ6పీడీ లోపం ఉన్నవాళ్లకి బట్టల్లో వేసే కలరా ఉండలు కూడా పడవు. పిల్లలు వాటిని పిప్పరమెంటు అనుకుని చప్పరిస్తారు, మీ బీరువాలో ఉంటే తీసెయ్యండి. ఇంటర్నెట్‌లో ఈ లోపం గురించి వెతికితే చిక్కుడు తినకూడదని రాసి ఉంటుంది. అది ఫావా అనే మధ్యధరా ప్రాంతపు చిక్కుడు. మనం వండుకునే చిక్కుడుకాయకీ దానికీ పేరులోనే పోలిక.

క్లోరోక్విన్ ఏమైనా మిగిలిందా, చూడండి. పెద్దవాళ్లకి నాలుగు, నాలుగు, రెండు చొప్పున మూడు రోజుల్లో పది మాత్రలు అయిపోవాలి. మిగిలితే బాబుకి అందే ఎత్తులో ఒక్కటి కూడా ఉంచొద్దు. అంత చిన్నపిల్లలు రెండు మూడు మింగినా గుండె ఆగిపోయేంత ప్రమాదం. చేదుగా ఉంటుంది కాబట్టి పిల్లలు ఉమ్మేస్తారులే అని ధీమా పడకండి. మిగిలినవి ఆశా వర్కర్‌కి తిరిగి ఇచ్చెయ్యమనండి.

పద్నాలుగు రోజులూ పూర్తయ్యాక కూడా కొందరికి తిరగబెట్టొచ్చు, లేదా ఆ స్కూలు చుట్టుపక్కల ఇంకో దోమ కుట్టొచ్చు. వచ్చే ఏడాదిలోపు ఆయనకి ఎప్పుడు చలిజ్వరం వచ్చినా డబ్బా వెతక్కుండా రక్తం చూపించుకోవాలి. అప్పుడు అడుగుతారు, పోయినసారి ఏ రకం, ఏ తారీఖు, ప్రైమాక్విన్ ఎన్ని వేసుకున్నారు అని. అందుకని ఆ మూడూ ఇప్పుడే గోడ మీద క్యాలెండరులో రాసి పెట్టండి, మధ్యలో ఆపిన రెండు రోజులతో సహా. బాబు రక్తపరీక్షలో ఏం వచ్చిందో, డాక్టరు ఏ మందు రాశారో నాకు కూడా ఒక ముక్క రాయండి.